హెల్మెట్‌లో వెలుగు, నడుముకు బ్యాటరీ

ఐరన్ మ్యాన్ హెల్మెట్‌ను ఇంట్లోనే తయారుచేసుకునే ఉత్సాహవంతులు మన నగరాల్లో పెరుగుతున్నారు. త్రీడీ ప్రింటర్ మీద తీసిన ముక్కలను అతికించి, గరుకు కాగితంతో రుద్ది, ఎరుపు, బంగారు రంగులు వేసి, హైదరాబాద్ కామిక్ కాన్ వంటి వేడుకలకు పెట్టుకొని వస్తున్నారు. బొమ్మలా ఉంటే వారికి తృప్తి కలగదు. కళ్లు వెలగాలి, ముఖకవచం దానంతటదే పైకి లేవాలి, లేచేటప్పుడు సినిమాలోలాగా చప్పుడు రావాలి. వీటన్నిటికీ విద్యుత్తు కావాలి. అది ఎంత కావాలో, ఎక్కడ ఉండాలో, ఏ దారిన రావాలో వివరించడమే ఈ వ్యాసం పని.

సాధారణంగా ఈ పని జరిగే వరుస ఇది: ముందు ఆకారం, తర్వాత రంగు, ఆ తర్వాత దీపాలు, మోటార్లు, అన్నిటికీ చివర మిగిలిన సందులో బ్యాటరీ. ఈ వరుసే చాలా ఇబ్బందులకు మూలం. బల్ల మీద చక్కగా పనిచేసిన హెల్మెట్ తలకు పెట్టుకోగానే మొండికేస్తుంది. ముఖకవచం లేవబోతుంటే కళ్లు మసకబారుతాయి, మోటారు వణుకుతుంది, ఒక్కోసారి అంతా ఆగిపోయి మొదటి నుంచి మొదలవుతుంది. తయారుచేసినవారు ప్రోగ్రాంలో తప్పు వెతుకుతారు, మోటారు మారుస్తారు. లోపం ఎక్కువ సార్లు విద్యుత్ సరఫరాలో ఉంటుంది.

నాలుగు కొలతలు

వోల్టేజీ అంటే విద్యుత్తును తీగలో ముందుకు తోసే ఒత్తిడి. దాన్ని వోల్టుల్లో కొలుస్తాం. కరెంటు అంటే ఆ తీగలో ప్రవహించే పరిమాణం. దాని కొలత ఆంపియర్, అందులో వెయ్యో వంతు మిల్లీ ఆంపియర్. ఈ రెండింటినీ గుణిస్తే పరికరం ఆ క్షణంలో ఎంత శక్తి తీసుకుంటున్నదో వాట్లలో వస్తుంది. వాట్లను గంటలతో గుణిస్తే మొత్తం ఖర్చయ్యే శక్తి వాట్ అవర్లలో వస్తుంది.

బ్యాటరీల మీద ఎక్కువగా కనిపించేది మిల్లీ ఆంపియర్ అవర్ల అంకె. 2000 అని ఉంటే 200 మిల్లీ ఆంపియర్ల కరెంటును సుమారు పది గంటలు ఇవ్వగలదని అర్థం. అయితే ఈ అంకె ఏ వోల్టేజీ దగ్గర లెక్కించారో తెలియకపోతే రెండు బ్యాటరీలను పోల్చలేం. పోల్చాలంటే వాట్ అవర్లలోకి మార్చుకోవాలి.

నాలుగో కొలత బ్యాటరీ డబ్బా మీద కనిపించదు. ప్రతి బ్యాటరీలోనూ కరెంటును కొంత అడ్డుకొనే గుణం ఉంటుంది. దాన్ని అంతర్నిరోధం అంటారు, ఓముల్లో కొలుస్తారు. మేడ మీది ట్యాంకు నిండుగా ఉన్నా దిగే పైపు సన్నదైతే, ఒక కుళాయి విప్పినప్పుడు బాగానే వచ్చే నీళ్లు నాలుగూ విప్పేసరికి సన్నగిల్లుతాయి. బ్యాటరీలోనూ అంతే. ఎంత ఎక్కువ కరెంటు లాగితే బయటికి వచ్చే వోల్టేజీ అంత తగ్గుతుంది. తగ్గేది ఎంతో తెలుసుకోవడానికి కరెంటును నిరోధంతో గుణిస్తే చాలు. హెల్మెట్ మొండికేయడానికి కారణం ఈ గుణకారంలోనే ఉంది.

సగటు ఒకటి, గరిష్ఠం మరొకటి

ఇప్పుడు ఒక మామూలు ఐరన్ మ్యాన్ హెల్మెట్‌లో ఉండే పరికరాలను ఒక్కొక్కటిగా లెక్కిద్దాం. అన్నీ 5 వోల్టుల మీద పనిచేసేవే అనుకుందాం. ఒక్కో కంటికి ఆరు చొప్పున పన్నెండు తెల్ల ఎల్ఈడీలు ఉంటే, ఒక్కొక్కటి 20 మిల్లీ ఆంపియర్లు తీసుకుంటుంది కాబట్టి మొత్తం 240. అన్నిటినీ నడిపించే ఆర్డ్యూనో నానో బోర్డుకు సుమారు 25. కళ్లద్దాలు మసకబారకుండా గాలి తిప్పే చిన్న ఫ్యానుకు 150 దాకా. చప్పుళ్లు వినిపించే ఆడియో మాడ్యూలుకు సగటున 100, గట్టి చప్పుడు వచ్చే క్షణంలో 500 దాకా.

మిగిలినవి ముఖకవచాన్ని ఎత్తే రెండు సర్వో మోటార్లు. సర్వో అంటే చెప్పిన కోణం దాకా తిరిగి అక్కడ నిలబడే మోటారు. ఎంజీ90ఎస్ అనే చిన్న లోహపు గేర్ల సర్వోను ఈ పనికి విరివిగా వాడతారు. ఊరికే నిలబడి ఉన్నప్పుడు దాని ఖర్చు పది మిల్లీ ఆంపియర్ల చుట్టుపక్కల ఉంటుంది. కదలడం మొదలుపెట్టే క్షణంలోనూ, బరువుకు ఇరుక్కొని తిరగలేకపోయినప్పుడూ అది సుమారు 700కు చేరుతుంది.

కవచం కదలకుండా ఉన్నప్పుడు మొత్తం కూడితే 535 మిల్లీ ఆంపియర్లు. కవచం లేస్తూ, చప్పుడు వస్తూ, కళ్లు వెలుగుతూ ఉన్న క్షణంలో కూడితే 2315. రెండో అంకె మొదటిదానికి నాలుగింతలు దాటింది. బ్యాటరీ ఎంతసేపు వస్తుందో మొదటి అంకె చెబుతుంది. ఆ బ్యాటరీ అసలు ఈ పనికి పనికొస్తుందో లేదో రెండో అంకె చెబుతుంది. బ్యాటరీ కొనేముందు ఈ రెండూ కాగితం మీద ఉండాలి.

9 వోల్టుల బ్యాటరీ ఎందుకు చాలదు

ఇంట్లో చేసే ప్రాజెక్టుల్లో మొదట గుర్తొచ్చేది దీర్ఘచతురస్రపు 9 వోల్టుల బ్యాటరీ. అంకె పెద్దది, ఆకారం చిన్నది, క్లిప్పు తగిలిస్తే చాలు. కానీ 1956లో ఇది మార్కెట్లోకి వచ్చింది ట్రాన్సిస్టర్ రేడియోల కోసం. ఆ రేడియోలకు కావలసింది కొద్ది మిల్లీ ఆంపియర్లే. పొగను పసిగట్టే అలారాలకు, మల్టీమీటర్లకు ఇప్పటికీ ఇది బాగా సరిపోతుంది. మోటార్లను నడపడం దాని పని కాదు.

దాని లోపల 1.5 వోల్టుల చిన్న సెల్స్ ఆరు వరుసగా ఉంటాయి. సెల్ చిన్నదైతే అంతర్నిరోధం పెద్దది. కొత్త ఆల్కలైన్ 9 వోల్టుల బ్యాటరీలో అది దాదాపు 1.7 ఓములు. మన గరిష్ఠ కరెంటు 2.3 ఆంపియర్లతో గుణిస్తే లోపలే 3.9 వోల్టులు పోతాయి. బయటికి వచ్చేది 5.1. దాన్ని 5 వోల్టులకు తగ్గించే రెగ్యులేటర్ పనిచేయాలంటే అంతకంటే కనీసం ఒక వోల్టు ఎక్కువ అందాలి. ఇదంతా కొత్త బ్యాటరీ లెక్క. వాడేకొద్దీ నిరోధం ఇంకా పెరుగుతుంది.

రెగ్యులేటర్‌ది మరో సమస్య. ఆర్డ్యూనో నానో మీద ఉండేది అదనపు వోల్టేజీని వేడిగా మార్చి వదిలించుకొనే రకం. తొమ్మిది నుంచి ఐదుకు దిగాలంటే నాలుగు వోల్టులు వేడి కావాలి. 535 మిల్లీ ఆంపియర్ల దగ్గర అది రెండు వాట్లు దాటుతుంది. గోరంత చిప్ అంత వేడిని వదిలించుకోలేదు. చేయి పెట్టలేనంతగా కాలి, తనను తాను కాపాడుకోవడానికి ఆగిపోతుంది. అందుకే మోటార్లకు, దీపాలకు ఆ బోర్డు 5 వోల్టుల పిన్ను నుంచి విద్యుత్తు తీయకూడదు. వాటికి సరఫరా నుంచి నేరుగా వేరే తీగలు వేయాలి.

వోల్టేజీ పడిపోయినప్పుడు బోర్డు ఎందుకు మళ్లీ మొదలవుతుందో కూడా ఇక్కడే చెప్పుకోవాలి. సరఫరా 2.7 వోల్టుల దాకా దిగితే నానోలోని చిప్ తప్పుడు లెక్కలు చేయకుండా తనంతట తాను ఆగిపోతుంది. వోల్టేజీ తిరిగి లేవగానే ప్రోగ్రాంను మొదటి వరుస నుంచి అందుకుంటుంది. మోటారు కదలగానే వోల్టేజీ పడుతుంది, బోర్డు ఆగుతుంది, మోటారు ఆగుతుంది, వోల్టేజీ లేస్తుంది, బోర్డు మళ్లీ మోటారును కదపబోతుంది. బయటి నుంచి చూసేవారికి హెల్మెట్ వణుకుతున్నట్టు కనిపిస్తుంది.

పెన్సిల్ సెల్స్, లిథియం సెల్స్, పవర్ బ్యాంక్

ఇక నాలుగు పెన్సిల్ సెల్స్ సంగతి. ఆల్కలైన్ అయితే నాలుగూ కలిపి 6 వోల్టులు. ఒక్కో సెల్ అంతర్నిరోధం సుమారు 0.15 ఓము, నాలుగింటికీ 0.6. గరిష్ఠ కరెంటు దగ్గర 1.4 వోల్టులు పోయి 4.6 మిగులుతాయి. కొత్తవైతే హెల్మెట్ పనిచేస్తుంది. సగం వాడాక సెల్ వోల్టేజీ తగ్గి, నిరోధం పెరిగి, పాత కథ మళ్లీ మొదలవుతుంది. పైగా కొత్త సెల్స్ నాలుగూ కలిసి 6 వోల్టులు దాటవచ్చు. నానో చిప్ భరించగల హద్దు ఆరే కాబట్టి వాటిని దాని 5 వోల్టుల పిన్నుకు నేరుగా కలపకూడదు.

అదే పరిమాణంలో దొరికే రీఛార్జబుల్ నికెల్ మెటల్ హైడ్రైడ్ సెల్స్ ఈ పనికి మెరుగు. ఒక్కోటి 1.2 వోల్టులే, నాలుగింటికి 4.8. అయినా అంతర్నిరోధం చాలా తక్కువ కాబట్టి గరిష్ఠ కరెంటు దగ్గర కూడా పోయేది మూడు నాలుగు పదో వంతుల వోల్టే. 2000 మిల్లీ ఆంపియర్ అవర్ల సెల్స్ మన 535 లెక్కకు మూడున్నర గంటలకు పైగా వస్తాయి. నాలుగింటి బరువు 110 గ్రాములు మించదు. మంట అంటుకునే ప్రమాదం కూడా లిథియంతో పోలిస్తే చాలా తక్కువ.

లిథియం అయాన్ సెల్స్‌ను 1991లో సోనీ సంస్థ మార్కెట్లోకి తెచ్చింది. వాటి అభివృద్ధికి పునాది వేసిన గుడ్‌ఇనఫ్, విటింగ్‌హామ్, యోషినోలకు 2019లో రసాయనశాస్త్ర నోబెల్ బహుమతి వచ్చింది. 18 మిల్లీమీటర్ల వ్యాసం, 65 మిల్లీమీటర్ల పొడవు ఉన్న సెల్‌ను 18650 అంటారు. 50 గ్రాములు కూడా లేని ఒక్క సెల్‌లో 9 వాట్ అవర్లు పడతాయి. 9 వోల్టుల ఆల్కలైన్ బ్యాటరీలో దాదాపు అంతే బరువుకు ఉండేది అందులో సగం కూడా కాదు.

ఇంత శక్తి ఇంత చిన్నచోట ఉండటమే దాని ప్రమాదం కూడా. సెల్ నలిగినా, గుచ్చుకుపోయినా, 4.2 వోల్టులకు మించి ఛార్జ్ అయినా, రెండు కొసలూ లోహంతో తాకినా లోపల వేడి పుడుతుంది. ఒక హద్దు దాటాక ఆ వేడే మరింత వేడిని పుట్టిస్తుంది. అప్పుడు మండే వాయువులు, మంట బయటికి వస్తాయి. కాబట్టి విడి సెల్స్ వాడేవారు రక్షణ బోర్డు లేకుండా వాడకూడదు. పాత ల్యాప్‌టాప్ బ్యాటరీలు విప్పి తీసిన సెల్స్‌ను హెల్మెట్ దరిదాపులకు రానివ్వకూడదు. 18650 మీద 9900 వంటి అంకె కనిపిస్తే అది అబద్ధమని తెలుసుకోవాలి. మంచి కంపెనీల సెల్స్‌లో సాధారణంగా ఉండేది 2500 నుంచి 3500.

ఒక్క లిథియం సెల్ ఇచ్చే 3.7 వోల్టులను 5కు పెంచే చిన్న బూస్ట్ మాడ్యూళ్లు దొరుకుతాయి. వాటితో జాగ్రత్త పడాల్సిన చోటు ఉంది. బయటికి 5 వోల్టుల దగ్గర 2.3 ఆంపియర్లు రావాలంటే, మధ్యలో పోయేదాన్ని కూడా కలుపుకొని, లోపలికి మూడున్నర ఆంపియర్లకు పైగా వెళ్లాలి. రెండు ఆంపియర్ల మాడ్యూలు అని పేరున్నవి ఎక్కువగా లోపలికి వెళ్లే కరెంటును ఉద్దేశించినవే. అవి ఈ బరువు మోయలేవు.

ఈ చిక్కులన్నీ ముందే పరిష్కరించి, గట్టి డబ్బాలో పెట్టి అమ్మేది పవర్ బ్యాంక్. లిథియం సెల్, రక్షణ బోర్డు, ఛార్జర్, 5 వోల్టులకు మార్చే సర్క్యూటు అన్నీ అందులో ఉంటాయి. అనుభవం తక్కువ ఉన్నవారికి నా సిఫార్సు ఇదే. మన దేశంలో పవర్ బ్యాంకులకు బీఐఎస్ రిజిస్ట్రేషన్ తప్పనిసరి. ఆ ముద్ర, ఆర్‌తో మొదలయ్యే సంఖ్య దాని మీద ఉన్నాయో లేదో చూసి కొనాలి. కోఠి గుజరాతీ గల్లీలో కొన్నా, ఆన్‌లైన్‌లో కొన్నా ఇదే నియమం.

పవర్ బ్యాంక్ మీద 10,000 అని ఉంటే అది లోపలి సెల్ 3.7 వోల్టుల దగ్గర లెక్క. అంటే 37 వాట్ అవర్లు. వోల్టేజీ మార్పిడిలో పోయేది పోగా సుమారు 31 బయటికి వస్తాయి. మన హెల్మెట్ సగటు ఖర్చు 2.7 వాట్లు కాబట్టి పదకొండు గంటలు నడుస్తుంది. ఒక రోజు వేడుకకు నాలుగు గంటలు చాలనుకుంటే 5000 అంకె ఉన్నది తేలిగ్గా సరిపోతుంది. చూడాల్సిన రెండో సంగతి దాని అవుట్‌పుట్. 5 వోల్టుల దగ్గర 2.4 ఆంపియర్లు లేదా 3 అని రాసి ఉండాలి. 1 ఆంపియర్ మాత్రమే ఇచ్చేది ఎంత పెద్ద అంకె ఉన్నా కవచాన్ని ఎత్తలేదు.

పవర్ బ్యాంకుకు రెండు పట్టింపులు ఉన్నాయి. కరెంటు మరీ తక్కువగా లాగితే ఫోన్ నిండిపోయిందనుకొని అది తనంతట తాను ఆగిపోతుంది. కళ్లు మాత్రమే వెలిగే చిన్న హెల్మెట్లలో ఈ సమస్య వస్తుంది, మన ఉదాహరణలో రాదు. రెండోది, టైప్ సి పోర్టు అవతలి వైపు 5.1 కిలో ఓముల నిరోధకాలు కనిపిస్తేనే వోల్టేజీ విడుదల చేస్తుంది. రెండు కొసలా టైప్ సి ఉన్న కేబుల్ వాడితే ఆ నిరోధకాలున్న సాకెట్ బోర్డును హెల్మెట్‌లో పెట్టాలి. లేదా పాత వెడల్పాటి యూఎస్‌బీ పోర్టు వాడాలి.

బ్యాటరీ ఎక్కడ ఉండాలి

నా అభిప్రాయంలో ఈ వ్యాసంలో అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న ఇది. లిథియం బ్యాటరీ తల చుట్టూ ఉండకూడదు. నడుము బెల్టుకో, చొక్కా లోపలి జేబుకో ఉండాలి. హెల్మెట్‌లోకి తీగ ఒక్కటే వెళ్లాలి.

కారణం కాలానికి సంబంధించింది. బ్యాటరీ వేడెక్కుతోందని తెలిసిన క్షణం నుంచి దాన్ని శరీరానికి దూరం చేయడానికి ఎంతసేపు పడుతుందో ఆలోచించాలి. బెల్టు మీది సంచిని లాగి పారేయడానికి రెండు మూడు సెకన్లు. హెల్మెట్ తీయాలంటే గడ్డం కింది క్లిప్పు విప్పాలి, వెనుక భాగం తెరవాలి, చేతులకు దళసరి గ్లవ్స్ ఉంటాయి, చూపు సగమే ఆనుతుంది. ఆ సమయంలో వచ్చే పొగను హెల్మెట్‌లోని మనిషే పీలుస్తాడు. ఈ తేడా ముందు తీగ కనిపించకూడదన్న ముచ్చట చిన్నది.

బరువు కూడా నడుము వైపే మొగ్గుతుంది. పెద్దవాళ్ల తల బరువు సుమారు ఐదు కిలోలు. హెల్మెట్ ఆకారమే ఒక కిలో దాటితే, నుదుటి దగ్గర పెట్టిన మరో రెండు వందల గ్రాములు మెడను ముందుకు లాగుతాయి. నాలుగు గంటల తర్వాత ఆ నొప్పి తెలుస్తుంది. నడుము దగ్గర అదే బరువు ఉందన్న సంగతే గుర్తుండదు.

పెద్ద సినిమాలకూ ఈ ప్రశ్న ఎదురైంది. 2010లో వచ్చిన ‘ట్రాన్: లెగసీ’ నటులు నిజంగా వెలిగే దుస్తులు వేసుకున్నారు. వాటి బ్యాటరీలను వీపు మీద ఉండే డిస్కులో అమర్చారు. ఒక ఛార్జింగ్‌కు అవి వెలిగేది కొద్ది నిమిషాలే. కథలో పాత్రకు అవసరమైన వస్తువే బ్యాటరీకి చోటు ఇచ్చింది. మన వేషంలోనూ అలాంటి చోటు వెతకాలి. ఐరన్ మ్యాన్‌కైతే నడుము కవచం వెనుక భాగం చక్కగా సరిపోతుంది.

దూరం పెరిగితే తీగ నిరోధం లెక్కలోకి వస్తుంది. నడుము నుంచి తల దాకా మీటరు తీగ అనుకుంటే, పోయేదీ వచ్చేదీ కలిపి రెండు మీటర్లు. సన్నని 28 గేజ్ తీగకు ఆ పొడవులో నిరోధం సుమారు 0.42 ఓము. 2.3 ఆంపియర్ల దగ్గర దాదాపు ఒక వోల్టు దారిలోనే పోతుంది. 22 గేజ్ తీగకైతే నిరోధం 0.11 ఓము, పోయేది పావు వోల్టు. చవక ఛార్జింగ్ కేబుళ్లలో సన్న తీగలే ఉంటాయి కాబట్టి మంచి బ్యాటరీ కొని కూడా ఫలితం దక్కనివారున్నారు. మెత్తగా వంగే సిలికాన్ తొడుగు ఉన్న 22 గేజ్ తీగ మెడ దగ్గర కదలికకు తట్టుకుంటుంది.

మెడ వెనుక ఆ తీగకు ఒక జోడీ ప్లగ్గు, సాకెట్ ఉండాలి. గట్టిగా బిగిసేవి వద్దు, లాగితే ఊడివచ్చేవి కావాలి. జనంలో తీగ ఎక్కడైనా చిక్కుకుంటే మెడ లాగబడకుండా ప్లగ్గు ఊడిపోతుంది. హెల్మెట్ తీసినప్పుడూ అదే పనికొస్తుంది. స్విచ్చు మాత్రం నడుము దగ్గర, గ్లవ్స్ ఉన్న చేతికి అందేచోట ఉండాలి.

లోపలి వైరింగ్

హెల్మెట్‌లోకి వచ్చిన రెండు తీగలను ఒక చిన్న బోర్డు మీద ఆపి, అక్కడి నుంచి కళ్లకు, మోటార్లకు, ఫ్యానుకు, ఆడియోకు, నానోకు విడివిడిగా తీగలు తీయాలి. ఒకదాని నుంచి మరోదానికి గొలుసులా కలుపుతూ పోతే మోటారు లాగే కరెంటు వల్ల పడే వోల్టేజీ దారిలో ఉన్న అన్నిటికీ తగులుతుంది. నెగటివ్ తీగలన్నీ మాత్రం ఒక్కచోట కలవాలి. అలా కలవకపోతే నానో పంపే సంకేతాన్ని సర్వో అర్థం చేసుకోలేదు.

ప్రతి ఎల్ఈడీకి విడిగా ఒక నిరోధకం ఉండాలి. తెల్ల ఎల్ఈడీ దగ్గర సుమారు 3.2 వోల్టులు పడతాయి. మిగిలిన 1.8 వోల్టులను 20 మిల్లీ ఆంపియర్లతో భాగిస్తే 90 ఓములు. బజారులో తేలిగ్గా దొరికేది 100 ఓములు, అదే వాడాలి. ఆరింటికీ కలిపి ఒకే నిరోధకం పెడితే అన్నిటిలో కాస్త తక్కువ వోల్టేజీకే వెలిగే ఎల్ఈడీ ఎక్కువ కరెంటు తీసుకొని ముందుగా పాడవుతుంది.

మోటార్ల దగ్గర 1000 మైక్రోఫారడ్ల కెపాసిటర్ పెట్టమని అందరూ చెబుతారు. కెపాసిటర్ అంటే కొద్దిపాటి విద్యుత్తును నిల్వ ఉంచి చటుక్కున ఇచ్చే భాగం. దాని శక్తి ఎంతో లెక్క తెలిసి ఉండాలి. ఒక ఆంపియర్ లోటును అది ఒక్క మిల్లీసెకను పూరిస్తే దాని వోల్టేజీ ఒక వోల్టు పడిపోతుంది. మోటారు కదిలే తొలి కుదుపును మెత్తబరచడానికి అది చాలు. చాలని బ్యాటరీకి అది బదులు కాదు.

గరిష్ఠాన్ని తగ్గించడానికి ప్రోగ్రాంలోనే మంచి మార్గం ఉంది. కవచం తెరుచుకునే సెకనులో కళ్లు ఆర్పి, ఫ్యాను ఆపితే 390 మిల్లీ ఆంపియర్లు మిగిలి, మొత్తం రెండు ఆంపియర్ల లోపుకు వస్తుంది. కవచం మూసుకున్నాక కళ్లు వెలిగితే చూడటానికీ బాగుంటుంది. సర్వో ఆగాల్సిన కోణాన్ని కూడా జాగ్రత్తగా సరిచేయాలి. కవచం అంచుకు తగిలాక కూడా మోటారు ఇంకా తోస్తూ ఉంటే అది 700 మిల్లీ ఆంపియర్లు లాగుతూనే ఉంటుంది, కొద్దిసేపట్లో కాలిపోతుంది.

పెన్సిల్ సెల్స్‌తోనో, విడి లిథియం సెల్స్‌తోనో నడిపేవారు సెల్‌కు అతి దగ్గరలో 3 ఆంపియర్ల ఫ్యూజు పెట్టాలి. టంకం వేసిన ప్రతి అతుకునూ వేడికి ముడుచుకునే స్లీవ్‌తో కప్పాలి. హెల్మెట్ లోపల చెమట కారుతుంది, ఊపిరి తేమ చేరుతుంది. ఉప్పు కలిసిన చెమటలో కరెంటు పారుతుంది. అతుకులు పచ్చబడి విరిగిపోవడానికి కూడా అదే కారణం.

వేడి, ఊపిరి, పిల్లలు

త్రీడీ ప్రింటర్లలో ఎక్కువగా వాడే పీఎల్ఏ ప్లాస్టిక్ 60 డిగ్రీల సెల్సియస్ దగ్గర మెత్తబడుతుంది. మన వేసవిలో ఎండలో ఆపిన కారు లోపల అంత వేడి పుట్టగలదు. ఆకారమూ వంగుతుంది, బ్యాటరీకీ హాని జరుగుతుంది. హెల్మెట్‌నూ పవర్ బ్యాంకునూ కారులో వదలకూడదు. ఫోమ్ షీట్లు అతికించే రబ్బరు జిగురు ఆవిరికి మంట అంటుకునే గుణం ఉంది. అది పూర్తిగా ఆరి, వాసన పోయాకే లోపల స్విచ్చు వేయాలి.

ఫ్యాను ఉంది కదా అని గాలి రంధ్రాలు తగ్గించకూడదు. విద్యుత్తు పోయినా ఊపిరి ఇబ్బంది లేకుండా ఆడాలి. కవచం కూడా విద్యుత్తు లేకుండా చేత్తో తెరుచుకోవాలి. సర్వో గేర్లు కరెంటు లేనప్పుడు కూడా బిగుసుకొని ఉంటాయి. కవచాన్ని మోటారు చేతులకు స్క్రూలతో బిగించకుండా అయస్కాంతాలతో అంటిస్తే, గట్టిగా లాగగానే ఊడివస్తుంది. ఈ ఒక్క ఏర్పాటు లేని హెల్మెట్‌ను ఎవరి తలకూ పెట్టకూడదు.

పాఠశాల ఫ్యాన్సీ డ్రెస్ పోటీకి పిల్లవాడికి చేసే హెల్మెట్ ఇంత జటిలంగా ఉండనక్కర్లేదు. నాలుగు ఎల్ఈడీలు, మూడు పెన్సిల్ సెల్స్, ఒక్కో దీపానికి 68 ఓముల నిరోధకం, ఒక స్విచ్చు చాలు. 80 మిల్లీ ఆంపియర్ల ఖర్చుకు సెల్స్ ఇరవై గంటలకు తక్కువ రావు. లిథియం వద్దు, మోటారు వద్దు. నాణెంలా ఉండే బటన్ సెల్స్ అసలే వద్దు. చిన్నపిల్లలు వాటిని మింగితే, అన్నవాహికలో ఇరుక్కున్న సెల్ రెండు గంటల్లోపే లోపలి కణజాలాన్ని కాల్చగలదు. అలా జరిగిందన్న అనుమానం వచ్చినా వెంటనే ఆసుపత్రికి పరుగెత్తాలి.

ధరించే ముందు

పరీక్ష బల్ల మీద మొదలవ్వాలి. మల్టీమీటర్‌ను 10 ఆంపియర్ల స్థానంలో పెట్టి, సరఫరా తీగతో వరుసగా కలిపి, కదలకుండా ఉన్నప్పటి కరెంటును కొలవాలి. అది కాగితం మీది 535కు దగ్గరగా ఉండాలి. తర్వాత కవచాన్ని చేత్తో ఒక్క క్షణం ఆపి గరిష్ఠాన్ని చూడాలి. ఆపైన మీటర్‌ను వోల్టేజీకి మార్చి, హెల్మెట్ లోపలి బోర్డు దగ్గర కొలవాలి. కవచం కదిలేటప్పుడు కూడా అక్కడ 4.5 వోల్టులకు తగ్గకూడదు. తగ్గితే తీగో, ప్లగ్గో, బ్యాటరీయో మార్చాలి. అన్నీ సరిపోయాక గంటసేపు నడవనిచ్చి, ప్రతి అతుకునూ బ్యాటరీనీ చేత్తో తాకి చూడాలి. గోరువెచ్చన ఫర్వాలేదు. వేలు నిలపలేనంత వేడి ఉంటే ఆ హెల్మెట్ ఇంకా సిద్ధం కాలేదు.

వేరే ఊరి వేడుకకు విమానంలో వెళ్లేవారికి ఒక మాట. పవర్ బ్యాంకును, విడి లిథియం సెల్స్‌ను చెక్-ఇన్ సామానులో పెట్టనివ్వరు, చేతి సంచిలోనే తీసుకెళ్లాలి. మామూలుగా అనుమతించే హద్దు 100 వాట్ అవర్లు. మన 37 అందులో సులువుగా ఇముడుతుంది. తీగలు వేలాడే హెల్మెట్ భద్రతా సిబ్బందికి అనుమానం కలిగించవచ్చు కాబట్టి బ్యాటరీని విడదీసి, లోపలి భాగాలు కనిపించేలా తెరిచి చూపించడానికి సిద్ధంగా ఉండాలి. బ్యాటరీ నడుముకు, ఊడదీసే ప్లగ్గు మెడకు ఉన్న హెల్మెట్‌కు ఇది అర నిమిషం పని.

ఈ లెక్కలన్నిటికీ పట్టేది ఒక సాయంత్రం. రంగు వేసి, అతికించి, పూర్తిచేసిన హెల్మెట్‌ను బ్యాటరీ కోసం మళ్లీ పగలగొట్టడానికి పట్టేది వారాలు. కాబట్టి తర్వాతి హెల్మెట్‌కు మొదటి గీత గీయకముందే రెండు అంకెలు రాసుకోండి: సగటు కరెంటు, గరిష్ఠ కరెంటు. వాటి పక్కన బ్యాటరీ ఉండే చోటు రాయండి. ఆ చోటు తల కానప్పుడే ఆకారం గీయడం మొదలుపెట్టండి.